వెండి గీతా, బొగ్గు గీతా? డెల్టా గాలికి తట్టుకునే కండక్టివ్ ఇంకు

వెండి కంచం నల్లబడితే చింతపండుతోనో విభూతితోనో తోమి మళ్ళీ తెల్లగా చేసుకోవచ్చు. ప్లాస్టిక్ షీటు మీద ముద్రించిన వెండి గీత నల్లబడితే మాత్రం తోమే వీలు లేదు. దాని మందం 10 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, తల వెంట్రుకలో ఏడో వంతో ఎనిమిదో వంతో. గట్టిగా రుద్దితే నలుపుతో పాటు గీత కూడా పోతుంది.

కరెంటు పారే ఇంకులు కొనబోయేవాళ్ళు ముందు డేటా షీట్‌లోని నిరోధం అంకె చూస్తారు. తక్కువ ఓంలు ఉన్నది మంచి ఇంకు అనుకుంటారు. ఏసీ గదిలో కూర్చునే వస్తువుకు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి డెల్టాలో, గౌతమి, వశిష్ట పాయల మధ్య, చెరువు గట్టు మీదో కాలువ పక్కనో ఉండబోయే వస్తువుకు సరిపోదు. ఇక్కడ ముందు అడగాల్సినవి వేరు. గీత మీద తేమ చేరుతుందా? పక్కపక్క గీతల మధ్య వోల్టేజీ రాత్రీ పగలూ ఉంటుందా? వస్తువు ఎన్నాళ్ళు బతకాలి? వీటికి జవాబు దొరికాక చూస్తే, చాలా సందర్భాల్లో ఖరీదైన వెండి ఇంకు కన్నా నల్లటి కార్బన్ ఇంకే, లేదంటే వెండి మీద కార్బన్ కప్పిన గీతే మెరుగని తేలుతుంది.

శుభలేఖల షాపులోనే సగం సరంజామా

ముద్రించే సర్క్యూట్ అనగానే పెద్ద ఫ్యాక్టరీ ఊహించుకోనక్కర్లేదు. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఫ్రేమ్, ఇంకు దిగే సన్నటి జాలీ గుడ్డ (మెష్), ఇంకును దాని గుండా నెట్టే రబ్బరు పట్టీ (స్క్వీజీ), ఎక్స్‌పోజింగ్ బల్బు ఉంటాయి. కండక్టివ్ ఇంకుకు కావలసినవి కూడా అవే. రిమోట్లలో, వాషింగ్ మెషీన్లలో నొక్కుడు ప్యానెళ్ళు, షుగర్ పరీక్ష స్ట్రిప్పులు, ఈసీజీ తీసేటప్పుడు ఒంటికి అతికించే ఎలక్ట్రోడ్లలో చాలా రకాలు ఈ పద్ధతిలో తయారయ్యేవే. సోలార్ పలకల మీది సన్నటి గీతలు, కారు వెనక అద్దం మీద మంచు కరిగించే గీతలు కూడా ముద్రించిన వెండే. కాకపోతే వాటిని వందల డిగ్రీల్లో కాలుస్తారు, అది వేరే జాతి పేస్టు. ప్లాస్టిక్ మీద వేసే ఇంకులో వెండి పొలుసులు, వాటిని పట్టి ఉంచే జిగురు, ఆరిపోయే సాల్వెంటు ఉంటాయి.

షాపులో అలవాటైన సన్న మెష్ దీనికి పనికి రాదు. అక్షరాల అంచులు పదునుగా రావాలని కార్డులకు సెంటీమీటరుకు 120 పోగుల మెష్ వాడతారు. దాంతో ఇంకు పలచగా పడుతుంది. పలచబడిన కొద్దీ గీత నిరోధం పెరుగుతుంది. వెండి పొలుసుల ఇంకుకు సెంటీమీటరుకు 77 పోగుల ప్రాంతంలో ఉండే మెష్ మేలు. ఆత్రేయపురంలో కాగిన కుండ మీద గుడ్డతో పిండి పరిచి పూతరేకు తీసేవాళ్ళకు ఈ లెక్క వేరేగా చెప్పక్కర్లేదు. పిండి జారు ఎంత, పూత ఎంత మందం, కుండ ఎంత కాగింది, ఈ మూడూ కలిస్తేనే రేకు వస్తుంది. ఇంకు విషయంలోనూ అంతే.

ముందు ఒక లెక్క

ఇంకు నిరోధాన్ని చదరానికి ఇన్ని ఓంలు అని రాస్తారు. గీత పొడవును వెడల్పుతో భాగిస్తే చదరాల సంఖ్య వస్తుంది. 10 సెంటీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న గీతలో 100 చదరాలు. డేటా షీట్ అంకె సాధారణంగా 25 మైక్రాన్ల మందానికి ఇస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే నిజంగా పడే మందం అందులో సగం కూడా ఉండదు.

మామూలు వెండి ఇంకు 25 మైక్రాన్ల మందంలో చదరానికి 15 మిల్లీ ఓంలు అనుకుందాం. 10 మైక్రాన్లు పడితే అది 38 మిల్లీ ఓంలు అవుతుంది. మన గీత మొత్తం దాదాపు 4 ఓంలు. అదే గీతను, 25 మైక్రాన్ల మందంలో చదరానికి 30 ఓంలు ఉండే కార్బన్ ఇంకుతో అదే 10 మైక్రాన్ల మందంలో వేస్తే 7,500 ఓంలు వస్తుంది. రెండు వేల రెట్లు తేడా! చూడగానే కార్బన్ పని అయిపోయిందనిపిస్తుంది.

కానీ ఆ గీత చేసే పనేమిటో చూడాలి. దాని గుండా 20 మిల్లీ ఆంపియర్లతో ఎల్‌ఈడీ వెలిగించాలంటే కార్బన్ గీతలోనే 150 వోల్టులు పోతాయి, కుదరని పని. మీట నొక్కారా లేదా అని పరికరాన్ని నడిపే చిన్న చిప్పుకు, అంటే మైక్రోకంట్రోలర్‌కు చెప్పడమే పనైతే సంగతి వేరు. మీట నొక్కనప్పుడు గీతను సప్లై వోల్టేజీ దగ్గర పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ 10 వేల ఓంలు ఉంటే ఈ కార్బన్ గీత సప్లైలో 40 శాతానికి పైగా వోల్టేజీని నిలబెట్టేస్తుంది, చిప్పు అయోమయంలో పడుతుంది. ఆ రెసిస్టర్‌ను లక్ష ఓంలకు మారిస్తే మిగిలేది 7 శాతమే, చిప్పు దాన్ని నిక్షేపంగా సున్నా అని చదువుతుంది. పైసల్లో దొరికే ఒక రెసిస్టర్ మార్పుతో కార్బన్ ఇంకు పనికొచ్చింది. సెన్సర్లు, మీటలు, నీటి మట్టం చూపే పట్టీలు అన్నీ ఈ కోవలోవే. పారే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉన్నప్పుడు వేల ఓంలు పెద్ద అడ్డు కాదు.

ఇంతకీ వెండి ఇంకు కూడా అసలు వెండి కాదు. పై లెక్క ప్రకారం దాని నిరోధం ముద్ద వెండి కన్నా 24 రెట్లు ఎక్కువ. పెంకుటింటి మీద పెంకుల్లా పొలుసులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి, కరెంటు ప్రతి ఆనిక దగ్గరా దూకుతూ పోవాలి. ఓవెన్‌లో కాల్చినప్పుడు సాల్వెంటు పోయి, జిగురు ముడుచుకుని, పొలుసులను దగ్గరికి లాగుతుంది. చాలా ఇంకులకు 120 నుంచి 150 డిగ్రీల్లో పది నుంచి ముప్పై నిమిషాలు కావాలి. ఫ్యాను కింద ఆరబెట్టిన గీత చేతికి అంటుకోదు కాబట్టి ఆరిందనుకుంటారు. నిరోధం మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ లోపలి సాల్వెంటు నెలల తరబడి బయటికి వస్తూ పై పూతను కూడా లేపుతుంది. ఇంకు బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం సరిగా కాల్చకపోవడమే.

షీటు ఎంపిక కూడా ఇక్కడే తేలిపోతుంది. పెట్ (నీళ్ళ సీసాలు చేసే ప్లాస్టిక్) షీటు 150 డిగ్రీలు దాటితే వంకర్లు పోతుంది, కాబట్టి 120 దగ్గర ఆపడం క్షేమం. ఊరూరా దొరికే ఫ్లెక్సీ గుడ్డ మీద వేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, చవక కదా. కానీ అందులో ఉండే పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడిపోతుంది. తక్కువ వేడికి ఆరే ప్రత్యేక ఇంకులున్నాయి గానీ వాటి ధర చూశాక ఫ్లెక్సీలో మిగిలిన చవకతనం ఏమీ ఉండదు.

తేమ, ఉప్పు, కుళ్ళిన గుడ్డు వాసన

ఇప్పుడు డెల్టా గాలి సంగతి. వెండికి ఒక పాత జబ్బు ఉంది. పక్కపక్కనే రెండు వెండి గీతలుండి, వాటి మధ్య డీసీ వోల్టేజీ ఉండి, పైన కంటికి కనపడనంత నీటి పొర చేరితే చాలు. పాజిటివ్ వైపు గీతలోని వెండి కరిగి అయాన్లుగా మారుతుంది. నీటి పొరలో ఈదుకుంటూ నెగటివ్ వైపు చేరి మళ్ళీ లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకునేది చదునుగా ఉండదు, ఎండుకొమ్మలా పాజిటివ్ వైపుకు పెరుగుతూ వస్తుంది. తాకిన రోజున షార్ట్. అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు టెలిఫోన్ పరికరాల్లో దీన్ని గమనించి 1955లో వివరంగా రాశారు. కార్బన్ ఇలా ప్రవర్తించదు, బంగారం కూడా మామూలుగా ప్రవర్తించదు. రాగి, తగరం కొంత వరకు చేస్తాయి. వెండి అంత చురుగ్గా వలస పోయే లోహం సర్క్యూట్లలో ఇంకొకటి లేదు.

నీటి పొర చేరడానికి వాన పడక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. వంటింట్లో గల్లుప్పు డబ్బా వానాకాలం చెమర్చడం అందరూ చూసిందే. అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ప్యానెళ్ళ మీదా కనెక్టర్ల మీదా కూర్చుంటుంది. రాత్రి తేమ పెరగగానే అది పొరలా తడుస్తుంది. అందుకే హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి నడిచిన ప్యానెల్ ఇక్కడ రెండు వానాకాలాలకే తలతిక్కగా ప్రవర్తిస్తే ఆశ్చర్యం లేదు. నొక్కుడు ప్యానెల్‌లో ఇంకో చిక్కుంది. పొరల మధ్య గాలి ఆడటానికి సన్నటి దారి వదులుతారు. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక చెరువు మీది తడిగాలిని లోపలికి పీలుస్తుంది. పైకి చుక్క నీరు తగలకుండా ఎంత జాగ్రత్త పడ్డా, లోపలికి తేమ రోజూ చేరుతూనే ఉంటుంది.

ఇక గంధకం. రొయ్యల చెరువు అడుగున మిగిలిపోయిన మేత, రెట్ట, చచ్చిన నాచు గాలి తగలక కుళ్ళి నల్లమట్టి అవుతుంది. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, రైతులకు బాగా తెలుసు. రొయ్యకు అది విషం. వెండికి కూడా దాదాపు అంతే, గీత పైభాగం సిల్వర్ సల్ఫైడ్‌గా మారి నల్లబడుతుంది. కంచం మీద నలుపు పైపైన ఉంటుంది, కింద బోలెడు వెండి మిగిలి ఉంటుంది. పొలుసుల ఆనికల మీద ఆధారపడ్డ 10 మైక్రాన్ల గీతకు ఆ వెసులుబాటు లేదు. కనెక్టర్ దగ్గర, వెండి బయటికి తెరుచుకుని ఉండే చోట, దెబ్బ ముందుగా తగులుతుంది.

కార్బన్‌కు ఈ బాధలేవీ లేవు. అందులో ఉండేవి పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ రేకులు, కాటుక మసి లాంటి కార్బన్ బ్లాక్. అది వలస పోదు, తుప్పు పట్టదు, నల్లబడడానికి ముందే నలుపు. తేమ పీల్చి జిగురు కొద్దిగా ఉబ్బితే నిరోధం కాస్త పెరుగుతుంది. వేల ఓంలను తట్టుకునేలా ముందే లెక్క వేసుకుని ఉంటే ఆ పెరుగుదల ఎవరికీ తెలియను కూడా తెలియదు.

నిరోధం తక్కువ కావాలి, మన్నికా కావాలి అంటే రెండూ కలపాలి. ముందు వెండి వేసి, కాల్చి, దాని మీద ప్రతి వైపూ పావు మిల్లీమీటరు ఎక్కువ వెడల్పుగా కార్బన్ వేస్తారు. అంచు దాటి కప్పడమే ఇందులో కీలకం. వెండి అంచు బయటికి కనపడితే కప్పినట్టే కాదు, వలస మొదలయ్యేది అంచు నుంచే. రెండో ముద్ర మొదటిదానితో సరిగ్గా కూర్చోవాలి కాబట్టి గీతల మధ్య ఎడం ముందే పెంచుకోవాలి. మంచి కంపెనీల ప్యానెల్ తోక (ప్యానెల్ నుంచి బయటికి వచ్చే పట్టీ) చూస్తే కనెక్టర్‌లోకి దూరే చివర నల్లగా ఉంటుంది, అది ఈ పూతే. ఆ తోకకు సోల్డరింగ్ జోలికి పోకూడదు. వెండి టంకంలో కరిగిపోతుంది, కింద షీటు కూడా కరుగుతుంది. నొక్కి పట్టే కనెక్టరో కండక్టివ్ జిగురో వాడాలి.

డిజైన్‌లో మార్చుకోగలిగిన ఇంకో సంగతి వోల్టేజీ. మీటలను సెకనుకు యాభైసార్లు క్షణకాలం పరీక్షించి మిగతా సమయమంతా రెండు గీతలనూ ఒకే వోల్టేజీలో ఉంచితే వెండి వలసకు తోసే బలమే ఉండదు. ఇది ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్ల పని, రూపాయి ఖర్చు లేదు. అయినా ఎక్కువమంది పట్టించుకోరు.

రాగి, గ్రాఫీన్, మిగతావి

రాగి ఇంకు చవక. రాగి చెంబుకు చిలుము పట్టినట్టు రాగి రేణువులకు ఆక్సైడ్ పడుతుంది, అది కరెంటును ఆపేస్తుంది. తీవ్రమైన కాంతి మెరుపుతో క్షణంలో అతికించే యంత్రాలు, వెండి తొడిగిన రాగి రేణువులు వచ్చాయి. చిన్న షాపుకు ఇంకా దూరం.

నానో వెండి ఇంకులు నీళ్ళలా పలచగా ఉంటాయి, ఇంక్‌జెట్ కోసం చేసినవి. పొర మైక్రాన్ కూడా ఉండదు. గంధకపు గాలిలో అంత పలచటి వెండిని పెట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే. కండక్టివ్ పాలిమర్లు కనుగొన్న ముగ్గురికి 2000లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. వాటిలో ఎక్కువగా వాడే పెడాట్ రకానికి నీరంటే మహా ఇష్టం, కాబట్టి చెరువు గట్టుకు తగదు. గ్రాఫీన్ (ఒక్క అణువు మందం ఉండే కార్బన్ రేకు) పేరుకు లొంగిపోయే ముందు ఒక సంగతి: 60 కంపెనీల గ్రాఫీన్ నమూనాలను పరీక్షించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చాలావాటిలో గ్రాఫీన్ 10 శాతం కూడా లేదని తేలింది. మిగతాది గ్రాఫైట్. గ్రాఫైటే కావాలంటే కార్బన్ ఇంకు డబ్బా చవకగా దొరుకుతుంది.

చెరువు నీటిలో ముంచే పీహెచ్ సెన్సర్

గట్టు మీద ఉండేది ఒక ఎత్తు, నీటిలో మునిగేది మరో ఎత్తు. నీటి ఆమ్ల, క్షార గుణం (పీహెచ్) కొలిచే ముద్రించిన సెన్సర్లలో, పోలికకు స్థిరమైన వోల్టేజీ ఇవ్వాల్సిన రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కోసం సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఇంకు వాడతారు. ఈసీజీ ఎలక్ట్రోడ్లలో ఉండేదీ ఆ జంటే. ఒంటి మీద అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే జెల్‌లో ఉప్పు మారదు. చెరువులో ఉప్పు మారుతుంది.

దాని వోల్టేజీ నీటిలోని క్లోరైడ్ మీద ఆధారపడుతుంది. క్లోరైడ్ పదో వంతుకు తగ్గితే వోల్టేజీ 59 మిల్లీ వోల్టులు పెరుగుతుంది. వేసవిలో ఉప్పు 25 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 25 పాళ్ళు) ఉన్న చెరువు వరుస వానలకు 5 పీపీటీకి దిగిందనుకుందాం. ఐదో వంతు, అంటే 41 మిల్లీ వోల్టుల జరుగుడు. పీహెచ్ ఒక అంకె మారితే వచ్చే తేడా కూడా 59 మిల్లీ వోల్టులే. కాబట్టి నీటి పీహెచ్ ఇసుమంత మారకపోయినా మీటరు 0.7 తప్పు చూపిస్తుంది. అది కూడా ఎక్కువ వైపుకు. వాన నీటికి చెరువు పీహెచ్ సాధారణంగా దిగుతుంది. ఆ సమయంలోనే ఈ సెన్సర్ పెరిగినట్టు చూపించి, ఆ దిగుడును కప్పేస్తుంది. సున్నం చల్లాల్సిన రోజున అవసరం లేదని చెబుతుంది.

ఇక్కడ ఇంకు మార్చినా లాభం లేదు. ఎలక్ట్రోడ్ మీద ఉప్పు నిండిన జెల్ గది కట్టాలి, లేదా సాలినిటీని (నీటిలోని ఉప్పు శాతాన్ని) వేరేగా కొలిచి లెక్కలో సరిచేయాలి. సాలినిటీ కొలిచే ఎలక్ట్రోడ్లకు మళ్ళీ కార్బనే నయం. వాటికి డీసీ ఇవ్వకూడదు, అటూ ఇటూ మారే వోల్టేజీ ఇవ్వాలి, లేకపోతే ఎలక్ట్రోడ్ల దగ్గర బుడగలు పుట్టి అంకె ఎటో పోతుంది.

వెండి గెలిచే చోటు, ఖర్చు

అన్నిచోట్లా కార్బన్ అంటే అదీ తప్పే. ఫోన్ ఆనించగానే పెళ్ళి వీడియో తెరుచుకునే శుభలేఖ తీసుకుందాం. అందులోని ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరికి తెచ్చిన ఫోన్‌తో తీగ లేకుండా మాట్లాడే పద్ధతి) చుట్ట 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మీటరు పొడవు, మిల్లీమీటరు వెడల్పు ఉన్న చుట్ట కార్బన్‌తో 75 వేల ఓంలు వస్తుంది, ఫోన్‌కు అది అక్కడ ఉన్నట్టే తెలియదు. వెండితో 38 ఓంలు. రెండుసార్లు వేస్తే 19. కార్డు ఆయుష్షు ముహూర్తం దాకానే కాబట్టి వలస, నలుపు లెక్కలోకి రావు. డేటా షీట్ అంకె నిజంగా పని చేసే చోటు ఇది. నిజం చెప్పాలంటే, అల్యూమినియం చుట్టతో రెడీమేడ్‌గా వచ్చే ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ కొని అతికిస్తే ఇంకా సుఖం.

2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటేసింది, కాబట్టి ధర గురించి భయం సహజం. కానీ పైన చెప్పిన పది సెంటీమీటర్ల గీతకు పట్టే ఆరిన ఇంకు 5 మిల్లీ గ్రాములు, గ్రాముకు 200 గీతలు. డబ్బు పోయేది గీతలో కాదు. స్క్రీన్ మీద, స్క్వీజీ అంచున మిగిలిపోయి, సాల్వెంటుతో కడిగేసే గుడ్డకు అంటుకునే ఇంకులో పోతుంది. యాభై ముక్కల ఆర్డరుకు ముద్రలో పడే వెండి కన్నా గుడ్డకు అంటే వెండి ఎక్కువ. ఒకసారి మూత తీసిన డబ్బా కూడా మెల్లగా చిక్కబడిపోతుంది. చిన్న ఆర్డర్లు పోగేసి ఒకే రోజు వేసుకోవడం, ఇంకు రకం మార్చడం కన్నా పెద్ద పొదుపు.

ఏ డబ్బా కొన్నా ముందు చుక్క పరీక్ష చేయాలి. మిల్లీమీటరు ఎడంతో రెండు వెండి గీతలు వేసి, బాగా కాల్చి, 5 వోల్టులు ఇచ్చి, మధ్యలో డిస్టిల్డ్ వాటర్ చుక్క పెడితే వలస నిమిషాల్లో కనపడుతుంది. అదే కార్బన్ కప్పిన జత పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. చెరువు నీటితో చేయకూడదు, ఆ ఉప్పుకు బుడగలు, తెల్లటి సిల్వర్ క్లోరైడ్ వచ్చి అసలు విషయం మరుగున పడుతుంది.

ఆ తర్వాతది ఓపిక పరీక్ష. దువ్వెన పళ్ళలా అల్లుకున్న గీతల ముక్కలు, సగం వట్టి వెండి, సగం కార్బన్ కప్పినవి, చెరువు షెడ్డు చూరు కింద జూన్ నుంచి అక్టోబరు దాకా 5 వోల్టులతో వేలాడదీయాలి. వారానికోసారి వోల్టేజీ తీసేసి గీత నిరోధం ఒకసారి, రెండు దువ్వెనల మధ్య నిరోధం ఒకసారి రాసుకోవాలి. మొదటిది పెరుగుతుంటే గంధకం తింటున్నట్టు, లేదా సరిగా కాలనట్టు. రెండోది మీటరుకు అందనంత పెద్దగా ఉండాల్సింది పోయి ఏదో ఒక అంకె చూపించడం మొదలైతే, భూతద్దం పెట్టి నెగటివ్ వైపు పళ్ళ అంచులు చూడాలి. వెండి కొమ్మలు మొలిచేది అక్కడే.